తాకకుండానే పగిలే గాజు

ఇంట్లో ఏదైనా వస్తువు పగిలినప్పుడు ముందుగా వినిపించే ప్రశ్న ‘ఎవరు పగులగొట్టారు?’ అన్నది. ‘ఎందుకు పగిలింది?’ అన్న ప్రశ్న ఆ తరువాత వస్తుంది. చాలాసార్లు అసలు రానే రాదు. మట్టికుండ విషయంలోనో, పింగాణీ పాత్ర విషయంలోనో మొదటి ప్రశ్నకు సమాధానం దొరికితే సరిపోవచ్చు. స్నానాల గదిలో అమర్చిన గాజు విషయంలో మాత్రం అది చాలదు. అందరూ నిద్రలో ఉన్న వేళ గాజు తలుపు పెద్ద చప్పుడుతో ముక్కలై రాలిపోవచ్చు. ఎవరో ముఖం కడుక్కొంటున్న సమయంలో అద్దం కింది గాజు అర రెండుగా చీలిపోవచ్చు. నిన్నటివరకు చెక్కుచెదరని చేతులు కడుగుకొనే గాజు తొట్టి ఈనాటి ఉదయం అడుగున పగులు చూపవచ్చు.

అటువంటప్పుడు నింద ఆ క్షణంలో దగ్గర ఉన్నవారిమీద పడుతుంది. ఆమె పనిమనిషి అయితే జీతంలో కోత పడవచ్చు. వారు అద్దెకున్నవారైతే ముందుగా ఇచ్చిన అడ్వాన్సు సొమ్ములో తరుగుదల రావచ్చు. చిన్నపిల్లవాడైతే చీవాట్లు తప్పవు. ఎవరూ దగ్గర లేకపోతే దృష్టిదోషమనో, రాబోయే కీడుకు సూచన అనో పెద్దలు భయపడతారు. ఈ రెండు తీర్మానాలకూ మూలం ఒకటే: గాజును గురించిన అవగాహన లేకపోవడం.

సంస్కృత సంప్రదాయంలో ‘కాకతాళీయ న్యాయం’ అని ఒకటి ఉంది. ఒక కాకి వచ్చి తాటిచెట్టుమీద వాలింది. అదే క్షణంలో తాటిపండు రాలింది. చూసినవారు కాకి వాలడంవల్లనే పండు రాలిందనుకొన్నారు. ఆ పండు తొడిమ ఎన్నో రోజులుగా వదులవుతూ వచ్చిందన్న సంగతి వారికి తెలియదు. స్నానాల గదిలో గాజు పగిలినప్పుడు దానిని చివరిసారి తాకిన చెయ్యి చాలాసార్లు ఆ కాకివంటిదే. తొడిమ ఎప్పుడు, ఎలా వదులైందో తెలుసుకోవడమే ఈ పాఠ్యాంశ లక్ష్యం.

బచ్చలి నుంచి గాజు తలుపు వరకు

నందికొట్కూరు 2022 వరకు కర్నూలు జిల్లాలో ఉండి, ఆ సంవత్సరం ఏర్పడిన నంద్యాల జిల్లాలో చేరిన పట్టణం. రాయలసీమలోని అనేక ఊళ్లలో వలెనే ఇక్కడి పాత ఇళ్లలోనూ స్నానం చేసే చోటును బచ్చలి అనేవారు. నేలకు నాపబండ, మూలన నీళ్ల తొట్టి, పక్కన రాగి కాగు, గోడలో ఒక గూడు - ఇంతే అందులోని సామగ్రి. గాజు వస్తువంటూ ఉంటే అది గూటిలో నిలబెట్టిన చిన్న అద్దం ఒక్కటే. అది జారిపడి పగిలితే కారణం వెతకవలసిన పని ఉండేది కాదు.

ఇప్పుడు చిన్న పట్టణాల్లో కట్టే ఇళ్లలో సైతం స్నానాల గది రూపం మారింది. గోడంత అద్దం, గాజు అరలు, గాజు తొట్టి, అద్దపు రెక్కల వెంటిలేటరు, తడి భాగాన్ని పొడి భాగం నుంచి వేరుచేసే గాజు తలుపు సర్వసాధారణమవుతున్నాయి. రాయి, రాగి ఉండిన చోటికి గాజు వచ్చింది. రాయిని, రాగిని వాడినట్లే గాజును వాడడంవల్ల అనేక అనర్థాలు కలుగుతున్నాయి. అందువల్ల గాజు స్వభావాన్ని ముందుగా తెలుసుకోవాలి.

గాజు స్వభావం

కిటికీలకు, తలుపులకు వాడే గాజులో సుమారు 70 శాతానికి పైగా ఉండేది ఇసుకలోని సిలికా. మిగిలినదానిలో ముఖ్యమైనవి సోడా, సున్నం. కేవలం సిలికాను కరిగించాలంటే దాదాపు 1700 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. సోడా కలిపితే అంతకంటె తక్కువ వేడికే అది కరుగుతుంది. అయితే సోడా మాత్రమే కలిపిన గాజు నీటిలో కరిగిపోతుంది కనుక నిలకడ కోసం సున్నం చేరుస్తారు. ఆంధ్రప్రదేశ్‌లోని గూడూరు, చిల్లకూరు, కోట ప్రాంతాల తెల్లని ఇసుక గాజు పరిశ్రమకు ముడిసరుకు. నంద్యాల జిల్లాలోని బేతంచెర్ల, బనగానపల్లె ప్రాంతాల్లో విస్తారంగా దొరికే సున్నపురాయిలో ప్రధానంగా ఉండే కాల్షియం కార్బొనేటు, గాజులోని సున్నానికి మూలద్రవ్యం.

రాగి చెంబు కిందపడితే సొట్ట పడుతుంది. లోహంలోని పరమాణువుల వరుసలు ఒకదానిపై ఒకటి జారగలవు. దెబ్బలోని శక్తి ఆ సొట్టలోనే చాలావరకు ఖర్చయిపోతుంది. గాజులోని పరమాణువులకు అటువంటి వరుసల అమరిక లేదు. కరిగిన ద్రవం స్ఫటికాలుగా మారకముందే బిగుసుకుపోయిన స్థితి దానిది. అందువల్ల గాజుకు సొట్ట పడే గుణం లేదు. అది తన హద్దువరకు వంగి తట్టుకొంటుంది. హద్దు దాటితే పగులుతుంది. ఆ రెండింటికీ నడుమ మరో స్థితి లేదు.

ఇక్కడ మరొక విషయం గుర్తుంచుకోవాలి. గాజును నొక్కితే అది చాలా బలాన్ని తట్టుకొంటుంది. లాగితే మాత్రం త్వరగా లొంగిపోతుంది. నొక్కే బలాన్ని సంపీడనమని, లాగే బలాన్ని తన్యత అని శాస్త్ర పరిభాషలో అంటారు. గాజు పగులుళ్ల కథ అంతా ఈ రెండు మాటల్లో ఇమిడి ఉంది.

కంటికి కనిపించని గాయాలు

గాజులోని పరమాణు బంధాల బలాన్ని లెక్కగట్టి చూస్తే అది ఎంతో దృఢమైన పదార్థమని తేలుతుంది. వాడుకలో ఉన్న గాజు అందులో అతి స్వల్పభాగం బలాన్ని మాత్రమే చూపుతుంది. ఈ వ్యత్యాసానికి కారణాన్ని ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు ఎ.ఎ. గ్రిఫిత్ 1921లో ప్రచురితమైన తన పరిశోధనలో వివరించాడు. గాజు ఉపరితలంపై కంటికి కనిపించని సూక్ష్మమైన పగుళ్లు ఉంటాయి. గాజును లాగే బలం ఆ పగులు కొనవద్ద కేంద్రీకృతమై అనేక రెట్లు తీవ్రమవుతుంది. పలక మొత్తంమీద చూస్తే ఆ బలం స్వల్పమే. ఆ సూదిమొనవంటి చోట మాత్రం అది పరమాణు బంధాలను తెంపగలిగినంత ఉంటుంది.

గాజు దుకాణంలో పనివాడు పలకను కోసే తీరు ఇందుకు చక్కని నిదర్శనం. అతడు దానిని ఆసాంతం కోయడు. వజ్రపు మొనతోనో, గట్టి లోహపు చక్రంతోనో ఒక సన్నని గీత గీసి, ఆ గీతవెంట మెల్లగా వంచుతాడు. పలక గీతవెంటనే రెండవుతుంది. ఆ గీత లోతు పలక మందంలో చిన్న భాగమే అయినా పగులు నడిచే దారిని అదే నిర్ణయిస్తుంది.

శిలలతో పనిచేసేవారికి ఈ రహస్యం అనుభవంలో ఎరుకే. నంద్యాల జిల్లాలోని ఆళ్లగడ్డ శిల్పకళకు ప్రసిద్ధి చెందింది. శిలను ఎంచుకొనేటప్పుడు సుత్తితో తట్టి దాని నాదాన్ని వినడం శిల్పుల సంప్రదాయం. శిల్పశాస్త్ర గ్రంథాలు నాదభేదాన్నిబట్టి శిలలను పుంశిల, స్త్రీశిల, నపుంసకశిల అని వర్గీకరించాయి. మూగగా పలికే శిలలో లోపల పగులు ఉండవచ్చునని శిల్పి గ్రహిస్తాడు. ఉలి దెబ్బ పడినప్పుడు శిల చీలితే తప్పు ఉలిది కాదని, పగులు ముందునుంచే అందులో ఉందని అతనికి తెలుసు. గాజు విషయంలోనూ ఇదే వివేకం అవసరం.

ఈ సూక్ష్మ గాయాలు గాజుకు అనేక విధాలుగా తగులుతాయి. సున్నపురాతి నేలల్లో బోరునీరు కఠినజలంగా ఉండడం సహజం. ఆ నీరు ఆరినచోట గాజుమీద తెల్లని పొర పేరుకొంటుంది. దానిని వదలగొట్టడానికి కొందరు బ్లేడుతో గీకుతారు, మరికొందరు ఇసుక అంటిన పీచుతో రుద్దుతారు. ఇసుక రేణువు గాజుకంటె కఠినమైనది కనుక ప్రతి రుద్దుడుకూ సన్నని గీతలు పడతాయి. శుభ్రపరచిన గాజు మెరుస్తుంది. కాని ముందున్నంత బలంగా ఉండదు.

వేడి, చలువ

వేడి సోకితే గాజు వ్యాకోచిస్తుంది, చల్లబడితే సంకోచిస్తుంది. ఒక మీటరు పొడవున్న సాధారణ గాజు పలక 40 డిగ్రీల వేడిమి పెరిగితే సుమారు 0.36 మిల్లీమీటరు పెరుగుతుంది. పలకంతా ఒకేసారి, ఒకే తీరుగా పెరిగితే ప్రమాదం లేదు. కాని గాజు ఉష్ణాన్ని త్వరగా ప్రసరింపజేయలేదు. ఒక భాగం వేడెక్కి పెరగబోతుంటే పక్క భాగం చల్లగానే ఉండి దానిని అడ్డుకొంటుంది. వేడి భాగం చల్లని భాగాన్ని లాగుతుంది. ఆ లాగుడుకు అంచున ఉన్న ఒక గాయం తోడైతే పగులు బయలుదేరుతుంది.

సాధారణ గాజు తట్టుకోగల ఉష్ణోగ్రతా భేదం సుమారు 40 డిగ్రీలు. చలికాలపు ఉదయం గదిలో 18 డిగ్రీల చలి ఉందనుకొందాం. గీజరు నుంచి వచ్చే నీరు 60 డిగ్రీల వేడిలో ఉంటే రెంటి మధ్య భేదం 42 డిగ్రీలు. చల్లని గాజు తొట్టిలో ఆ నీటిని ఒక్కసారిగా వదిలితే హద్దు దాటినట్లే. పొయ్యిమీద కాగిన నీటిని పోస్తే భేదం ఇంకా ఎక్కువ. లాంతరు వెలుగుతున్నప్పుడు చిమ్నీమీద నీటిచుక్క పడితే అది టప్పున పగలడం పాత తరంవారికి తెలిసినదే. వెలుగుతున్న బల్బుపై నీళ్లు చిందినప్పుడు జరిగేదీ అదే.

మందంగా ఉన్న గాజు వేడిని బాగా తట్టుకొంటుందన్న అభిప్రాయం లోకంలో ఉంది. అది పొరపాటు. మందం పెరిగినకొద్దీ లోపలి పొరకు, బయటి పొరకు మధ్య ఉష్ణోగ్రతా భేదం ఎక్కువసేపు నిలిచి ఉంటుంది. అందుకే ప్రయోగశాల పాత్రలకు మందాన్ని పెంచకుండా గాజు కూర్పునే మార్చారు. బోరాన్ ఆక్సైడు కలిపిన బోరోసిలికేట్ గాజు, సాధారణ గాజు పెరిగేదానిలో మూడోవంతు మాత్రమే పెరుగుతుంది. వంటపాత్రలుగా 1915లో అమెరికా విపణిలోకి వచ్చిన పైరెక్స్ ఈ రకం గాజుతోనే తయారైంది. ఇళ్లలో అమర్చే పలకలు, తొట్టెలు సాధారణంగా ఈ రకానివి కావు.

వేసవిలో మరో విధమైన చిక్కు ఏర్పడుతుంది. రాయలసీమలో పగటి ఉష్ణోగ్రత 42 డిగ్రీలు దాటే రోజులు అనేకం. పడమటి గోడలోని వెంటిలేటరు అద్దం నడిభాగం ఎండకు బాగా వేడెక్కుతుంది. చట్రంలో దాగిన అంచులు అంతగా వేడెక్కవు. పెరిగే నడిభాగం పెరగని అంచులను లాగుతుంది. అద్దాన్ని కోసినప్పుడు ఏర్పడిన నలుగుళ్లు ఆ అంచుల్లోనే ఉంటాయి. సాయంత్రం ఎవరూ తాకకుండానే అద్దంలో పగులు కనిపించడానికి ఇదొక కారణం.

నీటి పాత్ర

స్నానాల గదిలో గాజుకు నీరు నిత్య సహవాసి. నీరు గాజును ఏమీ చేయలేదన్నది అందరి నమ్మకం. మామూలు దృష్టికి అది నిజమే. కాని లాగుడుకు లోనైన పగులు కొనవద్ద నీటి అణువులు సిలికాన్, ఆక్సిజన్‌ల బంధాలతో చర్య జరిపి వాటిని ఒక్కొక్కటిగా తెంపుతాయి. పగులు అతి నెమ్మదిగా, రోజుకు కొంచెంగా, నెలలూ సంవత్సరాలూ ముందుకు పాకుతుంది. గాలిలోని తేమ పెరిగినకొద్దీ ఈ పాకుడు వేగం పెరుగుతుందని అమెరికా శాస్త్రజ్ఞుడు ఎస్.ఎం. వీడర్‌హార్న్ 1967లో ప్రయోగపూర్వకంగా చూపాడు.

అందువల్లనే ఒక గాజు అర పది కిలోల బరువును ఒక్కరోజు మోయగలిగిందంటే పదేళ్లు మోయగలదని అర్థం కాదు. దానిమీద బరువు నిలకడగా ఉండి, గదిలో తేమ నిలకడగా ఉంటే దాని బలం క్రమంగా తగ్గుతుంది. చివరకు ఒకనాడు ఎవరో దువ్వెన పెట్టినప్పుడు అది పగులుతుంది. పగలగొట్టినది ఆ దువ్వెన అని ఎవరూ నమ్మరు, పెట్టినవారినే అనుమానిస్తారు.

దృఢీకృత గాజు

స్నానాల గది తలుపులకు వాడే గాజు సాధారణ గాజు కాదు. వ్యవహారంలో టఫెన్డ్ గ్లాస్ అని పిలిచే దృఢీకృత గాజును ఇందుకు వాడతారు. ఆర్టీసీ బస్సుల పక్క కిటికీలకు ఉండేదీ ఈ రకమే. కోసి, రంధ్రాలు వేసి, అంచులు నునుపుచేసిన పలకను సుమారు 620 డిగ్రీలకు మించి వేడిచేసి, రెండువైపులా బలమైన గాలిధారలతో చల్లబరుస్తారు. పైపొరలు ముందుగా బిగుసుకొంటాయి. లోపలి పొర ఆ తరువాత చల్లబడి సంకోచించబోతుంది. అప్పటికే బిగుసుకుపోయిన పైపొరలను అది లోనికి లాగుతుంది. ఫలితంగా పైపొరలు శాశ్వతంగా సంపీడనంలో, నడిపొర శాశ్వతంగా తన్యతలో ఉండిపోతాయి.

పూర్తిగా దృఢీకరించిన పలక ఉపరితలంపై సంపీడనం కనీసం 69 మెగాపాస్కళ్లు ఉండాలని ప్రమాణాలు చెబుతున్నాయి. ఇది ఒక్కొక్క చదరపు సెంటీమీటరుపై సుమారు 700 కిలోల బరువు నొక్కుతున్నట్లు లెక్క. ఆ నొక్కుడు పైపొరలోని సూక్ష్మ పగుళ్లను మూసి ఉంచుతుంది. అందువల్ల ఈ గాజు సాధారణ గాజుకు నాలుగైదు రెట్లు బలంగా ఉంటుంది. సుమారు 200 డిగ్రీల ఉష్ణోగ్రతా భేదాన్ని సైతం తట్టుకొంటుంది. స్నానపు నీటి వేడి ఒక్కటే దీనిని పగలగొట్టలేదు.

అయితే ఈ బలం వెనుక ఒక బలహీనత పొంచి ఉంది. నడిపొరలోని తన్యత, వంచి కట్టిన విల్లులోని శక్తివలె నిరంతరం విడుదలకోసం వేచి ఉంటుంది. ఏ పగులైనా పైపొరను దాటి నడిపొరను చేరితే ఆ శక్తి అంతా ఒక్కసారిగా బయటపడుతుంది. క్షణకాలంలో పలకంతా బఠానీ గింజలంత ముక్కలవుతుంది. దృఢీకృత గాజులో ‘కొంచెం పగిలింది’ అన్న స్థితి లేదు.

ఈ వింతను యూరప్‌లో 17వ శతాబ్దిలోనే గమనించారు. కరిగిన గాజు చుక్కను చల్లని నీటిలో పడవేస్తే తోకగల బిందువుగా గడ్డకడుతుంది. దాని తలను సుత్తితో కొట్టినా పగలదు. తోకను చిదిమితే చాలు, మొత్తం పొడి అవుతుంది. ఇంగ్లండు రాజు రెండవ చార్లెస్‌కు ప్రిన్స్ రూపర్ట్ వీటిని చూపినందువల్ల వీటికి ‘రూపర్ట్ బిందువులు’ అన్న పేరు వచ్చింది. రాబర్ట్ హుక్ 1665లో తన గ్రంథంలో వీటిని వర్ణించాడు. వీటిలో పగులు ప్రయాణించే వేగం సెకనుకు సుమారు 1450 నుంచి 1900 మీటర్లని శ్రీనివాసన్ చంద్రశేఖర్, మునవర్ చౌధ్రి 1994లో అత్యంత వేగవంతమైన ఛాయాచిత్రాల సాయంతో కొలిచారు. రెండు మీటర్ల గాజు తలుపు రెప్పపాటుకంటె ముందే ముక్కలైపోవడానికి కారణం ఇటువంటి వేగమే.

గాజులో దాగిన రేణువు

దృఢీకృత గాజు ఏ దెబ్బా తగలకుండా, ఏ వేడీ సోకకుండా పగిలిపోవడానికి ఒక విశేష కారణం ఉంది. గాజు కొలిమిలోకి యంత్రాల స్టీలు తునకల ద్వారానో, మరో విధంగానో అతి స్వల్పంగా నికెల్ చేరవచ్చు. అది అక్కడి గంధకంతో కలిసి నికెల్ సల్ఫైడు రేణువుగా మారుతుంది. ఆ రేణువు వ్యాసం తరచుగా మిల్లీమీటరులో పదోవంతు, రెండువంతులకు మించదు.

నికెల్ సల్ఫైడుకు రెండు రూపాలున్నాయి. 379 డిగ్రీలకు పైన స్థిరంగా ఉండే రూపం చిన్నది. తక్కువ ఉష్ణోగ్రతలో స్థిరమైన రూపం రెండు నుంచి నాలుగు శాతం పెద్దది. గాజు నెమ్మదిగా చల్లబడితే రేణువు ఆ సమయంలోనే చాలావరకు తన రూపం మార్చుకొని కుదురుకొంటుంది. దృఢీకరణలో గాజును గాలితో హఠాత్తుగా చల్లబరుస్తారు కనుక రేణువుకు ఆ అవకాశం దొరకదు. వేడినాటి రూపంలోనే అది బిగిసిన గాజులో చిక్కుకుపోతుంది. ఆ తరువాత ఇంటిగోడల మధ్య, మామూలు వేడిమిలో, నెలలో సంవత్సరాలో పట్టి మెల్లమెల్లగా పెద్దదవుతుంది. తన్యతలో ఉన్న నడిపొరలో అది చేసే చిన్న పగులు చాలు.

ఈ రహస్యం ఆస్ట్రేలియాలో బయటపడింది. మెల్‌బోర్న్ నగరంలో 1958లో పూర్తయిన ఐ.సి.ఐ. భవనపు గాజు పలకలు కారణం తెలియకుండా పగలసాగాయి. అక్కడి శాస్త్రీయ పరిశోధన సంస్థకు చెందిన ఇ.ఆర్. బాలంటైన్ పగిలిన పలకలను పరీక్షించి, 1961లో నికెల్ సల్ఫైడు రేణువులే కారణమని వెల్లడించాడు. తాటిపండు తొడిమ కొలిమిలో పుట్టిన నాడే వదులుకావడం మొదలైందన్నమాట.

అమరికలో దోషాలు

నికెల్ సల్ఫైడు కథ ఎంత ఆశ్చర్యకరమైనదైనా, ప్రతి పగులుకూ దానినే కారణంగా చెప్పడం సరికాదు. ఇళ్లలో అంతకంటె సామాన్యమైన కారణాలు అనేకం ఉన్నాయి. రెండు మీటర్ల ఎత్తు, 75 సెంటీమీటర్ల వెడల్పు, 8 మిల్లీమీటర్ల మందం గల గాజు తలుపు బరువు దాదాపు 30 కిలోలు. ఆ బరువంతా రెండు కీళ్లమీద వేలాడుతుంది. కీలుకూ గాజుకూ నడుమ రబ్బరు మెత్తలు లేకపోయినా, మరలను అతిగా బిగించినా లోహం గాజును ఒకచోట కొరుకుతుంది. కీలు వదులై తలుపు జారితే దాని మూల నేలను ఒరుసుకొంటుంది.

దృఢీకృత గాజుకు నడుమ తగిలిన దెబ్బకంటె అంచున తగిలిన దెబ్బ ప్రమాదకరం. పనివారు పలకను అమర్చేముందు నేలపై నిలబెడతారు. విట్రిఫైడ్ పలకలు గాజుకంటె కఠినమైనవి. గోనెపట్టానో, చెక్కముక్కో వేయకుండా వాటిమీద గాజు మూలను ఆనిస్తే కంటికి కనిపించని నలుగు ఏర్పడుతుంది. ఆ నలుగు తేమతో, తలుపు ఊపులతో పెరిగి, మరుసటి ఏడాది తన ఫలితాన్ని చూపుతుంది.

అల్యూమినియం చట్రాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఉష్ణోగ్రత మారినప్పుడు అల్యూమినియం గాజుకంటె రెండున్నర రెట్లు ఎక్కువగా సాగుతుంది, కుంచించుకుపోతుంది. మధ్యాహ్నపు ఎండలో చట్రంలో గాజును సందులేకుండా బిగిస్తే, రాత్రి చలికి చట్రం ముడుచుకొని దానిని నొక్కుతుంది. గోడకు మేకులతో గట్టిగా బిగించిన అద్దం మూలలవద్ద పగలడానికీ కారణం ఇటువంటిదే.

పగులు చెప్పే సాక్ష్యం

పగిలిన గాజు తన కథను తానే చెబుతుంది. ఒక బిందువు నుంచి నక్షత్రంలా పగుళ్లు చిమ్మితే అక్కడ దెబ్బ తగిలిందని గ్రహించాలి. పగులు అంచుకు లంబంగా మొదలై, లోనికి పోయినకొద్దీ వంకరలు తిరిగితే అది ఉష్ణభేదంవల్ల కలిగినది. మరచుట్టు నుంచి బయలుదేరితే బిగింపులో దోషం ఉంది. దృఢీకృత గాజు ముక్కలు రాలిపోకుండా చట్రంలోనే నిలిచి ఉంటే, పగుళ్లన్నీ ఎక్కడినుంచి విచ్చుకొన్నాయో చూడాలి. ఆ కేంద్రంలో సీతాకోకచిలుక రెక్కలవంటి రెండు పెద్ద ముక్కలు, వాటి నడుమ నల్లని చుక్క కనిపిస్తే నికెల్ సల్ఫైడు రేణువును అనుమానించవచ్చు. ప్రయోగశాలలో పరీక్షించిన తరువాతనే అది నిశ్చయమవుతుంది. కాబట్టి ముక్కలను ఊడ్చివేయడానికి ముందు ఒక ఛాయాచిత్రం తీసి ఉంచడం మంచిది. నిరపరాధిని నిందనుంచి కాపాడే సాక్ష్యం అందులో ఉండవచ్చు.

పాటించవలసిన జాగ్రత్తలు

గాజును అమర్చేముందే కొన్ని విషయాలు చూసుకోవాలి. తలుపు గాజు మూలన భద్రతా గాజు ముద్ర ఉండాలి. మనదేశంలో ఇందుకు ఐ.ఎస్. 2553 అన్న ప్రమాణం ఉంది. దృఢీకరించిన తరువాత గాజును కోయడానికి గాని, రంధ్రం చేయడానికి గాని వీలులేదు కనుక కొలతలు ముందే సరిచూసుకోవాలి. నికెల్ సల్ఫైడు భయం తగ్గించడానికి కర్మాగారంలోనే పలకలను 260 నుంచి 290 డిగ్రీల మధ్య వేడిలో నిర్ణీతకాలం ఉంచి పరీక్షిస్తారు. దోషమున్న పలకలలో చాలావరకు అక్కడే పగిలిపోతాయి. రెండు పలకల నడుమ ప్లాస్టిక్ పొరను అతికించిన లామినేటెడ్ గాజు పగిలినా రాలిపడదు. వాహనాల ముందు అద్దం ఈ రకానిదే. ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ బెనెడిక్టస్ 1909లో దీనికి పేటెంటు పొందాడు.

వాడుకలో ఉన్న గాజు అంచులను అప్పుడప్పుడు వేలితో తాకకుండా, వెలుతురులో కంటితో పరిశీలించాలి. నలుగు కనిపిస్తే మార్చివేయాలి. కీళ్ల బిగువును ఏటా ఒకసారైనా చూపించుకోవాలి. తెల్లని పొరను బ్లేడుతో గీకకుండా నిమ్మరసంతోనో, వెనిగర్‌తోనో కరిగించి మెత్తని బట్టతో తుడవాలి. గాజు తొట్టిలో ముందు చన్నీళ్లు, ఆ తరువాత క్రమంగా వేడినీళ్లు వదలాలి. పగిలిన అద్దాన్ని ఇంట్లో ఉంచరాదన్న పెద్దల మాటను అశుభ భయంతో పాటించినా, శాస్త్రబుద్ధితో పాటించినా మేలే జరుగుతుంది. పగులు ఉన్న గాజు మరెప్పుడైనా పూర్తిగా విడిపోవచ్చు.

ఒంటిమీద నీళ్లతో ఉన్నప్పుడు గాజు తలుపు పగిలితే పరుగెత్తరాదు. కదలకుండా నిలిచి, ఇంట్లోవారిని పిలిచి, చెప్పులు, దళసరి తువ్వాలు తెప్పించుకోవాలి. లోతుగా దిగిన ముక్కను లాగకూడదు. దాని చుట్టూ శుభ్రమైన గుడ్డతో అదిమి, 108కి ఫోను చేయాలి. ఏరిన ముక్కలను దళసరి అట్టపెట్టెలో ఉంచి, పైన ‘గాజు ముక్కలు’ అని రాసి వేరుగా అప్పగించాలి. చెత్త సంచిలో కలిపివేస్తే తెల్లవారి దానిని ఎత్తే పారిశుద్ధ్య కార్మికుల చేతులు గాయపడతాయి. ఇంటి ప్రమాదాన్ని వీధిలోకి పంపడం నాగరికత కాదు.

కారణాన్వేషణం, న్యాయబుద్ధి

గాజు పగిలిన క్షణం చాలా చిన్నది. దాని కారణం మాత్రం దీర్ఘమైనది. కొలిమిలో చేరిన ఒక రేణువు, రవాణాలో తగిలిన ఒక ఒరిపిడి, బిగింపులో చేసిన ఒక అతి, శుభ్రపరిచేటప్పుడు పడిన ఒక గీత, తేమలో నెమ్మదిగా పాకిన ఒక పగులు - వీటిలో ఏదో ఒకటి, లేదా రెండు మూడు కలిసి ఆ క్షణాన్ని సిద్ధం చేస్తాయి. కొన్నిసార్లు నిజంగానే ఒకరి అజాగ్రత్త కారణం కావచ్చు. ఆ సంగతిని సైతం ముక్కలను చూసి నిర్ణయించాలి గాని, మనిషిని చూసి కాదు.

జీతం కోత పడిన పనిమనిషికి, చీవాట్లు తిన్న పిల్లవానికి గాజు శాస్త్రం తెలియకపోవచ్చు. తమ తప్పు లేదని వారు చెప్పినప్పుడు వినడానికి అవసరమైన జ్ఞానం ఇంట్లో చదువుకొన్నవారికైనా ఉండాలి. కళాశాలలో నేర్చిన భౌతిక, రసాయన శాస్త్రాలు పరీక్షలో మార్కులు తెచ్చిపెట్టడంతో సరిపెట్టుకోకూడదు. ‘ఎవరు?’ అని అడగబోయిన నోటితో ముందుగా ‘ఎందుకు?’ అని అడిగించగలిగినప్పుడు ఆ చదువుకు సార్థకత.